చెవిలో హోరుకి చెవిలో పువ్వు

ఈమధ్య మనవాళ్ళలో ఎవరి దగ్గరైనా "చెవిలో గుయ్యిమంటోంది" అని చెప్పి చూడండి. ఎదుటివాడు ఈఎన్టీ డాక్టర్ అడ్రసు చెప్పడు. "మెగ్నీషియం వాడి చూడు బాస్, గ్లైసినేట్ అయితే బెటర్" అంటాడు. లంచ్ టేబుల్ దగ్గర అదే మాట, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అదే మాట, డల్లాస్ నుంచి వీడియో కాల్‌లో మాట్లాడే బావగారిదీ అదే మాట. ఆక్సైడ్ పనికిరాదట, సిట్రేట్ పర్లేదట, థ్రియొనేట్ అయితే ఏకంగా మెదడులోకే వెళ్తుందట. సర్వర్ కాన్ఫిగరేషన్ల గురించి కూడా మనం ఇంత పట్టుదలగా వాదించుకోం!

సరే, ఎవరి డబ్బులు వాళ్ళిష్టం. అది మన దాకానే ఆగితే నేనిదంతా రాసేవాణ్ణి కాదు. నా గొడవ అల్లా ఆ సీసా ఊరికి చేరడంతోనే. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు నుంచి వచ్చి హైటెక్ సిటీలోనో, బెంగుళూరులోనో, న్యూజెర్సీలోనో కోడు రాసుకుంటున్నవాళ్ళం మనం బోలెడు మందిమి ఉన్నాం. ఇంటి దగ్గర్నుంచి నాయిన ఫోన్ చేసి "చెవుల ఒక్కటే తీరుగ గుయ్యిమంటుందిరా, రాత్రి నిద్ర పడ్తలేదు" అంటాడు. మనం ఏం చేస్తాం? మీటింగు మధ్యలోనే ఒక యాప్ తెరిచి, నాలుగు నక్షత్రాలు దాటిన మెగ్నీషియం సీసా ఒకటి ఆర్డర్ పెట్టేస్తాం. రెండ్రోజుల్లో డెలివరీ. టికెట్ క్లోజ్డ్!

సమస్యని చూడకుండానే టికెట్ మూసేశాడని జూనియర్ మీద విరుచుకుపడే మనం, నాయిన చెవి విషయంలో చేస్తున్నది సరిగ్గా అదే. ఆ సీసా వైద్యం కాదు, మన తరఫున వెళ్ళిన ఒక ఆటోమేటిక్ రిప్లై మాత్రమే. ఇదీ నా అభియోగం. ఎందుకంటున్నానో చెప్తాను.

అసలు ఆ హోరు ఏంటి?

చెవిలో హోరు చాలాసార్లు జబ్బు కాదు, ఒక జబ్బు చూపించే గుర్తు. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉండే భాగంలో సన్నటి రోమ కణాలుంటాయి. చప్పుడుని నరానికి అందించేవి అవే. వయసు వల్లో, పెద్ద చప్పుళ్ళ వల్లో, కొన్ని మందుల వల్లో అవి దెబ్బతింటాయి. ఒకసారి చచ్చిపోతే మనిషిలో మళ్ళీ పుట్టవు. అక్కడి నుంచి రావాల్సిన సిగ్నల్ తగ్గిపోతుంది. మెదడు ఊరుకోదు, వాల్యూమ్ పెంచుతుంది. కాన్ఫరెన్స్ కాల్‌లో అందరూ మాట్లాడటం ఆపేస్తే మైకు తనంతట తను గెయిన్ పెంచుకుని, గదిలోని ఫ్యాను చప్పుడుని కూడా హోరెత్తిస్తుంది చూశారా, దాదాపు అలాంటిదన్నమాట. శాస్త్రజ్ఞులు ఎక్కువగా ఒప్పుకునే వివరణల్లో ఇదొకటి.

అంటే చాలామందికి హోరు వెనకాల వినికిడి లోపం ఉంటుంది. ఆ మనిషికి అది తెలియకపోవచ్చు. ముందు పోయేది హెచ్చు స్థాయి శబ్దాలు కాబట్టి మాట వినిపిస్తూనే ఉంటుంది, స్పష్టంగా అర్థం కాదు. "నాయిన ఫోన్‌లో ఒకటి అడిగితే ఇంకోటి చెప్తాడు" అని మనం నవ్వుకుంటాం. అది నవ్వుకునే విషయం కాదు, లక్షణం.

మెగ్నీషియం కథ ఎక్కడ మొదలైంది?

పూర్తిగా గాలి కబురేమీ కాదు, న్యాయంగా మాట్లాడుకుందాం. నరాల మధ్య గ్లూటమేట్ అనే రసాయనం అతిగా పనిచేస్తే కణాలు దెబ్బతింటాయి. ఆ ద్వారానికి అడ్డుగా నిలబడే వాటిలో మెగ్నీషియం ఒకటి. థియరీ బానే ఉంది. 1994లో ఇజ్రాయెల్ పరిశోధకులు సైనిక శిక్షణలో ఉన్న 300 మంది కుర్రాళ్ళ మీద ఒక అధ్యయనం ప్రచురించారు. కొందరికి రోజుకి 167 మిల్లీగ్రాముల మెగ్నీషియం, కొందరికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. తుపాకీ మోతల మధ్య రెండు నెలల శిక్షణ అయ్యాక చూస్తే, మెగ్నీషియం తీసుకున్నవాళ్ళలో చెవులు దెబ్బతినడం తక్కువగా ఉంది. మంచి అధ్యయనమే. కానీ అది చప్పుడు దెబ్బ తగలకముందు ఇచ్చే రక్షణ గురించి. ఇరవై ఏళ్ళ కిందట దెబ్బతిన్న చెవిలో ఇప్పుడు మోగుతున్న హోరు గురించి కాదు. గొడుగు తడవకుండా కాపాడుతుందని, తడిసొచ్చినవాడి నెత్తి మీద గొడుగు పడితే ఆరిపోతాడా?

ఇక హోరుకే ఇచ్చి చూసిన అధ్యయనం ఒకటుంది. అమెరికాలో అరిజోనాలోని మేయో క్లినిక్ వాళ్ళది, 2011లో వచ్చింది. చేరినవాళ్ళు 26 మంది. రోజుకి 532 మిల్లీగ్రాములు, మూడు నెలలు. హోరు వల్ల పడే ఇబ్బంది కొంత తగ్గిందని వాళ్ళు చెప్పారు. సీసాలు అమ్మేవాళ్ళు పట్టుకు తిరిగేది దీన్నే. కానీ అందులో పోల్చి చూడటానికి ఉత్తుత్తి మందు ఇచ్చిన గుంపు లేదు. ఏం మింగుతున్నారో అందరికీ తెలుసు. హోరు దానంతటదే ఓ నెల పెరిగి ఓ నెల తగ్గే రకం. బాధ బాగా ఎక్కువైనప్పుడే జనం మందు మొదలుపెడతారు, తర్వాత కాస్త తగ్గడం మామూలే. కాకి వాలడం, తాటిపండు పడటం! కంట్రోల్ గ్రూప్ లేకుండా ఏ-బీ టెస్ట్ చేశానని ఎవడైనా అంటే ప్రొడక్షన్‌లోకి పంపిస్తామా మనం? పైగా ఆ డోసు కూడా చూడండి. విడిగా మాత్రల రూపంలో తీసుకునే మెగ్నీషియం రోజుకి 350 మిల్లీగ్రాములు దాటొద్దని అమెరికా వాళ్ళ సొంత ప్రమాణం.

మరి ఆ దేశపు చెవి డాక్టర్ల సంఘం ఏమంది? 2014లో ఇచ్చిన మార్గదర్శకాల్లో చెవి హోరుకి జింకో, మెలటోనిన్, జింకు, ఇతర ఆహార సప్లిమెంట్లు సూచించవద్దని డాక్టర్లకి తేటతెల్లంగా చెప్పింది. 2016లో వచ్చిన ఒక సర్వే 53 దేశాల్లో హోరుతో బాధపడే 1,788 మందిని అడిగింది. వాళ్ళలో 23 శాతం మంది ఏదో ఒక సప్లిమెంట్ వాడినవాళ్ళే. వాడినవాళ్ళలో దాదాపు 71 శాతం ఏ మార్పూ లేదన్నారు, 19 శాతం తగ్గిందన్నారు, 10 శాతం పెరిగిందన్నారు. మన గ్రూపుల్లో నోరు విప్పేది ఆ 19 శాతమే. మిగతావాళ్ళు సీసా పక్కన పడేసి ఊరుకుంటారు.

ఇంకో తమాషా చెప్పనా? మన దేశపు నిబంధనల ప్రకారం ఇలాంటి సప్లిమెంట్ల లేబుల్ మీద "వైద్య ప్రయోజనాల కోసం కాదు" అని రాసి తీరాలి. ఇంట్లో ఉంటే ఓసారి సీసా తిప్పి చూడండి. అమ్మేవాడే మందు కాదని రాసి అమ్ముతుంటే, మందని నమ్మి నాయినకి పంపిస్తున్నది మనం!

"పోయేదేముంది?"

నాకు అన్నిటికంటే ఒళ్ళు మండించే మాట ఇది. "పనిచేస్తే చేసింది, లేకపోతే లేదు, పోయేదేముంది బాస్?" పోయేవి ఉన్నాయి.

1. టైము. నిన్నటిదాకా బానే ఉన్న చెవి ఉన్నట్టుండి ఒకవైపు దిబ్బడేసి, హోరు మొదలై, వినిపించడం తగ్గిందంటే అది అత్యవసరం. స్టెరాయిడ్ చికిత్స మొదలుపెట్టాలంటే రెండు వారాల లోపే, అదీ ఎంత త్వరగా అయితే అంత మంచిది. ఆ గడువు దాటాక పోయిన వినికిడి తిరిగొచ్చే ఆశ బాగా తగ్గిపోతుంది. "నెల రోజులు వాడి చూడు నాయినా" అని మనం చెప్పే ఆ నెలలో ఈ రెండు వారాలు మునిగిపోతాయి. ఒక్క చెవిలోనే ఉండే హోరు, గుండె చప్పుడుతో పాటు కొట్టుకునే హోరు, కళ్ళు తిరగడంతో కలిసొచ్చే హోరు... వీటి వెనక నరం మీద గడ్డో, రక్తనాళాల సమస్యో ఉండొచ్చు. అరుదే, కానీ చూడందే తెలియదు. ఇంకోవైపు, కొందరి విషయంలో అది ఉత్త గులివి. ఐదు నిమిషాల్లో తీసేస్తే అయిపోయేదానికి మూడు నెలల మాత్రలు.

2. ఒళ్ళు. ఒంట్లో ఎక్కువైన మెగ్నీషియాన్ని బయటికి పంపేది కిడ్నీలు. ఏళ్ళ తరబడి షుగరు, బీపీ ఉన్నవాళ్ళకి కిడ్నీలు ఎంత దెబ్బతిన్నాయో పరీక్ష చేయించేదాకా తెలియదు. అలాంటివాళ్ళ రక్తంలో మెగ్నీషియం పేరుకుంటే బీపీ పడిపోవడం దగ్గర్నుంచి గుండె లయ తప్పడం దాకా వెళ్తుంది. థైరాయిడ్ మాత్రతోనూ, డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్‌తోనూ ఒకేసారి మింగితే ఆ మందులు ఒంటికి పట్టవు. ఇక విరేచనాల సంగతి చెప్పక్కర్లేదు. మిల్క్ ఆఫ్ మెగ్నీషియా దేనికి వాడతారో అందరికీ తెలుసు.

3. అసలు కారణం. మిగతా రెండిటికంటే పెద్ద నష్టం ఇదే. సీసా వచ్చాక ఇక ఎవరూ అడగరు, ఈ చెవి ఎందుకు పాడైందని.

పాలమూరు చెవులు

ఆ ప్రశ్న ఒక్కసారి అడిగి చూద్దాం.

దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా, కాలవ తవ్వినా, సొరంగం తొలిచినా పాలమూరు కూలీ ఉంటాడని పేరు. 2016 అక్టోబర్‌లో మహబూబ్‌నగర్ జిల్లాని విడగొట్టి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు చేశారు గానీ, వలస మాత్రం మూడింటికీ ఉమ్మడి ఆస్తే. రాళ్ళలో డ్రిల్లు పట్టుకుని, మందుపాతర్ల పక్కన నిలబడి, రోజుకి పన్నెండు గంటలు పనిచేసి వచ్చిన తరం ఇప్పుడు అరవైల్లో, డెబ్బైల్లో ఉంది. మన నాయినలు, పెదనాయినలు, మేనమామలు వాళ్ళే. వాళ్ళ చెవికి దూది ముక్క ఇచ్చిన కాంట్రాక్టర్ ఎవరు? వలస వెళ్ళనివాళ్ళ సంగతీ అంతే. రైసు మిల్లులో హమాలీ, జిన్నింగు మిల్లులో కూలీ, బోరు బండి మీద హెల్పరు, రోజంతా క్యాబిన్ లేని ట్రాక్టరు మీద కూర్చునే డ్రైవరు.

లెక్క మనకి రానిదేం కాదు. 85 డెసిబెల్స్ చప్పుడులో రోజుకి 8 గంటల కంటే ఉండకూడదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సిఫారసు. డెసిబెల్ లాగరిథమిక్ కొలత కాబట్టి ప్రతి 3 డెసిబెల్స్‌కీ శక్తి రెట్టింపవుతుంది, టైము సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు... అలా పోతే 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది 15 నిమిషాలు. రాతి డ్రిల్లు చప్పుడు 100 దాటే ఉంటుంది. పన్నెండు గంటలు పట్టుకున్నవాడి చెవి సంగతి ఇక మీరే లెక్కేసుకోండి.

చప్పుడు వల్ల వచ్చే చెవుడు ఫ్యాక్టరీల చట్టం రోజుల నుంచీ వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లోనూ ఉంది. అంటే ఇది కూలీకి హక్కుగా రావాల్సిన గుర్తింపు. మరి మేస్త్రీ కింద పేరైనా రాసుకోకుండా పనిచేసినవాడికి ఏ కోడ్ వర్తిస్తుంది? 2025 ఫిబ్రవరి 22న మన దోమలపెంట దగ్గర ఎస్సెల్బీసీ సొరంగం కూలి 8 మంది చిక్కుకుపోతే దేశమంతా అటు చూసింది. కూలిన రోజున సొరంగం వార్త అవుతుంది. కూలని రోజుల్లో దాని లోపలి చప్పుడు ఎవరి వార్తా కాదు.

మందులూ ఉన్నాయి. ఒకప్పుడు టీబీ తిరగబెట్టినవాళ్ళకి స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు నెలల తరబడి ఇచ్చేవారు. ఆ మందు చెవినీ, ఒంటి బ్యాలెన్సునీ దెబ్బతీస్తుంది. దుమ్ములో పనిచేసి టీబీ తెచ్చుకున్న కూలీకి చప్పుడు ఒక దెబ్బ, సూది ఇంకో దెబ్బ.

ఇన్ని కారణాలున్న చెవికి మనం ఇస్తున్న జవాబు మెగ్నీషియం లోపమట! ఎవరికి లోపం? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కల్లో మగవాళ్ళకి రోజుకి 440, ఆడవాళ్ళకి 370 మిల్లీగ్రాములు కావాలి. 100 గ్రాముల పల్లీల్లో సుమారు 170 ఉంటుంది, 100 గ్రాముల జొన్నల్లో 130 దాటే ఉంటుంది. పల్లీ పండించే వనపర్తికి, జొన్నరొట్టె తినే గద్వాలకి మనం సీసాలో మెగ్నీషియం పోస్టు చేస్తున్నాం. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు. (జొన్నరొట్టె మానేసి రేషను బియ్యానికి, అక్కణ్ణుంచి బిర్యానీకి మారినవాళ్ళం మనమే. కావాలంటే లోపం మనలో వెతకండి.)

లోపం ఉండేవాళ్ళు అసలు లేరనను. ఏళ్ళ తరబడి గ్యాస్ మాత్రలు మింగేవాళ్ళకి మెగ్నీషియం పడిపోవచ్చని అమెరికా ఔషధ సంస్థ 2011లోనే హెచ్చరించింది. బాగా తాగేవాళ్ళకి, దీర్ఘకాలం విరేచనాలు ఉన్నవాళ్ళకి కూడా తగ్గుతుంది. అలాంటివాళ్ళకి డాక్టరే రక్తపరీక్ష చేయించి ఇస్తాడు. అది లోపానికి వైద్యం, హోరుకి కాదు.

మన చెవులూ తక్కువేం కాదు

ఊరి చెవుల గురించి ఇంత మాట్లాడాక మన చెవుల సంగతీ చూడాలి. పొద్దున స్టాండప్ కాల్ నుంచి అర్ధరాత్రి ఆన్‌సైట్ కాల్ దాకా హెడ్‌సెట్ తీయం. దారిలో మెట్రో రొద మీద పాట వినపడాలని వాల్యూమ్ పెంచుతాం. పెళ్ళి బరాత్‌లో డీజే బాక్సు పక్కనే నిలబడి ఎగురుతాం. వారానికి 80 డెసిబెల్స్ అయితే 40 గంటలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. పైన చెప్పిన లెక్కే దీనికీ వర్తిస్తుంది, 89 అయితే వారం మొత్తానికి 5 గంటలు. అవి చాలామందికి సోమవారమే అయిపోతాయి. మిగిలిన ఆరు రోజుల అప్పుని మాత్ర తీర్చదు.

మరేం చేయాలి?

తిట్టడం సులువే, పని చెప్పమంటారు. చెప్తాను.

ముందు చెవిలోకి చూడాలి, తర్వాత ఆడియోగ్రామ్ తీయాలి. సౌండ్‌ప్రూఫ్ గదిలో కూర్చోబెట్టి ఏ స్థాయి దగ్గర ఎంత వినిపిస్తోందో గ్రాఫు గీస్తారు. నొప్పి లేదు, సూది లేదు. వనపర్తిలో, నాగర్‌కర్నూలులో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. మెడికల్ కాలేజీ అంటే ఈఎన్టీ విభాగం ఉండి తీరాలి. ముందు అక్కడికి తీసుకెళ్ళండి. పెద్దచోటికి పంపిస్తే హైదరాబాద్ కోఠిలో ప్రభుత్వ ఈఎన్టీ ఆసుపత్రి ఉంది, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. గద్వాల వాళ్ళకి కర్నూలు, రాయచూరు ఇంకా దగ్గర.

వినికిడి లోపం ఉంటే మంచి హియరింగ్ ఎయిడ్ రెండు పనులు చేస్తుంది. మాట వినిపిస్తుంది, బయటి శబ్దాలు అందేసరికి చాలామందికి హోరు వెనక్కి తగ్గుతుంది. రాత్రి నిశ్శబ్దంలో హోరు ఎక్కువనిపిస్తే పక్కన ఫ్యానో, సన్నగా రేడియోనో పెట్టుకోవాలి. హోరు మీద భయాన్నీ, చిరాకునీ తగ్గించే మానసిక చికిత్స ఉంది. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అంటారు. 2020లో కాక్రేన్ సంస్థ 28 అధ్యయనాల్లో 2,733 మందిని కలిపి చూసి, హోరు జీవితాన్ని పాడుచేయడం దీనివల్ల తగ్గే అవకాశం ఉందని చెప్పింది. హోరు మాయమవుతుందని చెప్పలేదు, గమనించండి. నిజాయితీగా చెప్పే వైద్యం ఇలాగే ఉంటుంది. 26 మంది పక్కన 2,733 మందిని పెట్టి చూసుకోండి. అయినా గ్రూపుల్లో ఫార్వర్డ్ అయ్యేది ఆ 26 మందే. థెరపీని సీసాలో పోసి అమ్మలేరు కదా మరి!

ఊరికి ఏమైనా చేయాలని మనకి ఉబలాటం ఎక్కువే. గుడికి ఆర్చి కట్టిస్తాం, పండక్కి డీజేకి చందా కూడా ఇస్తాం. దానికి బదులు మిల్లులో, బోరు బండి మీద, ట్రాక్టరు మీద పనిచేసేవాళ్ళకి ఇయర్‌ప్లగ్గులు కొనివ్వండి. 2018లో కంటి వెలుగు పేరుతో ఊరూరా కంటిపరీక్షలు చేసి అద్దాలు ఇచ్చింది ఈ రాష్ట్రమే. చెవికి అలాంటిది ఎందుకు ఉండకూడదని మన ఎమ్మెల్యేలని అడుగుదాం. జిల్లా ఆసుపత్రిలో ఆడియాలజిస్టు పోస్టులు ఎన్ని, నిండినవెన్ని అని ఒక ఆర్టీఐ పెట్టండి. సీసా ఆర్డరు పెట్టినంత సులువు కాదు, నిజమే. కానీ అది ఒక్క నాయినకి కాదు, ఊరికంతా పనికొస్తుంది.

ఈసారి ఇంటి నుంచి ఫోన్ వస్తే యాప్ తెరిచే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఒక చెవా, రెండు చెవులా? ఎప్పట్నుంచి? మాట వినపడ్తుందా? ఏ పని చేసేటప్పుడు మొదలైంది? నాలుగో ప్రశ్నకి జవాబు కాస్త పొడుగ్గా ఉంటుంది. మీటింగు మ్యూట్‌లో పెట్టి వినండి.

తా.క.: "నాకు మాత్రం తగ్గింది" అని వ్యాఖ్య రాయబోయేవాళ్ళకి... సంతోషం, నిజంగానే. మీ ఆడియోగ్రామ్ ముందుదీ తర్వాతదీ ఉంటే దాని గురించి కూడా రాయండి. లేకపోతే ముందు వెళ్ళి అది తీయించుకోండి, తర్వాత వాదించుకుందాం.